అతని ఎడమ పక్క

ఆమెకు పెట్టిన పేరు వేరే ఉంది గానీ, పుట్టింట్లోనూ అత్తింట్లోనూ అందరి నోటా పిట్టే అయిపోయింది. చిన్నప్పుడు గాలికి తలుపు ధడాలున కొట్టుకున్నా, కుక్కర్ కూత వేసినా కూర్చున్నచోటి నుంచి ఎగిరిపడేది. "ఇది పిల్ల కాదర్రా, పిట్ట" అని వాళ్ల నాన్న నవ్వుతూ అన్న మాటే పేరై కూర్చుంది. ఆమె పెరిగింది, ఆమెతోపాటు భయాలూ పెరిగాయి. రోడ్డు దాటాలంటే భయం. మేడమీంచి కిందికి చూడాలంటే భయం. వేళకాని వేళ ఫోన్ మోగితే భయం.

అలాంటి మనిషి లాటిన్ డాన్స్ పోటీల్లో దిగిందంటే చుట్టాలంతా ముక్కున వేలేసుకున్నారు. అసలామె ఆ హాల్లో అడుగుపెట్టింది వెన్నునొప్పికి కాస్త ఒళ్లు కదిలిద్దామని. ప్లైవుడ్ దుకాణం పైన, మూడో అంతస్తులో ఉండేది ఆ హాలు. చెక్క నేల, ఒక గోడ పొడవునా అద్దాలు, తిరిగినప్పుడల్లా కిర్రుమనే ఫ్యాను. నేర్పే మాస్టారు బక్కపలచటి మనిషి. ఎవరినీ మెచ్చుకున్న పాపాన పోయేవాడు కాదు.

"నడుం తిప్పకమ్మా," అన్నాడు మొదటిరోజే.

"మరి వాళ్లంతా తిప్పుతున్నారు కదండీ?"

"వాళ్లు తిప్పట్లేదు. అదే తిరుగుతోంది. రెండింటికీ చాలా తేడా ఉంది."

ఆమె చేత ఒక అడుగు ముందుకు వేయించి, వెనక కాలి మునివేళ్లతో నేలను నెట్టమన్నాడు. నెట్టేసరికి ఒంటి బరువు ముందుకాలి మీదికి వచ్చింది. ఆ మోకాలు నిటారుగా చాపమన్నాడు. చాపగానే తుంటి తనంతట తానే పక్కకీ, కాస్త వెనక్కీ సర్దుకుంది. ఛాతీ మాత్రం దానితో పాటు తిరిగిపోకుండా ఆపమన్నాడు. పైన ఆగిన ఛాతీకీ కింద తిరిగే తుంటికీ మధ్య నడుం తడిబట్ట పిండినట్టు మెలి తిరిగింది.

"తెలిసిందా? జనానికి కనబడేది నడుం. చాకిరీ చేసేది పాదం. నువ్వు నేలను ఎంత నెడితే నేల నిన్ను అంత నెడుతుంది. మిగతాదంతా మేకప్పు."

ఆ మాట పిట్టకు బాగా పట్టింది. ఇంటికెళ్లి వంటగట్టు పట్టుకుని అదే అడుగు మళ్లీ మళ్లీ వేసుకుంది. రుంబా, చాచా, జైవ్, ఆ లాటిన్ డాన్సులన్నీ ఒక్కొక్కటే ఒంటికి ఎక్కాయి. బయట ఎన్ని భయాలున్నా, ఆ చెక్కనేల మీద నిలబడితే మాత్రం ఆమెకు చెయ్యి వణికేది కాదు. కొన్నేళ్లకు మాస్టారి పక్కనే నిలబడి కొత్తవాళ్లకు నేర్పడం మొదలుపెట్టింది. అదే ఆమె ఉద్యోగమైంది.

మొగుడు కూడా ఆ భవనంలోనే దొరికాడు. ఒకరోజు లిఫ్టు రెండు అంతస్తుల మధ్య ఇరుక్కుంది, లోపల పిట్ట. తలుపు అవతలి నుంచి ఒక గొంతు, "భయపడకండి మేడమ్, లిఫ్టు కింద పడదు," అంది.

"పడదని మీకెలా తెలుసు?"

"బిగించింది నేనే కాబట్టి."

"మరి ఆగిపోయిందేం?"

అవతల ఏదో పనిముట్టు కింద పడ్డ చప్పుడైంది. తర్వాత, "అది కూడా నేనే బిగించాను లెండి," అంది ఆ గొంతు. ఏడుస్తున్న పిట్టకు నవ్వొచ్చింది. లిఫ్టు మెకానిక్ వారం తిరక్కుండా డాన్స్ క్లాసులో చేరాడు. పొడుగు చేతులు, తొణకని మనిషి. మాస్టారు వాళ్లిద్దరినీ జంట కట్టాడు. ఏడాదిలో పెద్దవాళ్లు ఆ జంటకు పెళ్లి చేశారు. పెళ్లయ్యాక పోటీలు మొదలయ్యాయి, షోకేసులో కప్పులు చేరాయి. పిల్లలు కలగలేదు. ఇంట్లో వాళ్లిద్దరూ, అతని తల్లీ.

పిట్ట పడిపోయింది ఒక రుంబా పోటీలో.

పాట చివర్లో ఒక భంగిమ ఉండేది. ఆమె అతని చేతిలోంచి విడిపోయి, ఒక్క పాదం మీద గిర్రున తిరుగుతూ అతని ఎడమ పక్కకు వెళ్లాలి. తిరగడం ఆగీ ఆగకముందే కుడిచెయ్యి చాచాలి, అతను ఎడమచేత్తో అందుకోవాలి. అందుకున్న మరుక్షణం ఆమె ఒళ్లంతా వెనక్కి వాల్చేస్తుంది. ఆ వాలులో ఆమె బరువు పాదం మీద ఉండదు, పాదం దాటి బయటికి వెళ్లిపోతుంది. అతను అటు లాగుతూ, ఆమె ఇటు లాగుతూ, ఇద్దరి బరువులూ ఒకదాన్నొకటి ఆపుకుంటాయి. ఎన్ని వందలసార్లు చేశారో వాళ్లకే తెలియదు.

ఆ రోజు ఆమె చెయ్యి చాచింది. ఒళ్లు వాల్చింది. చేతికి చెయ్యి తగల్లేదు.

ఆమెకు గుర్తున్నది పైన దీపాలు ఒక్కసారిగా పక్కకు జారడం, కింద ఎండుకట్టె విరిగినట్టు చప్పుడు. ఆ చప్పుడు తన చీలమండలోంచి వచ్చిందని కాసేపటికి గానీ తెలియలేదు. మెకానిక్ మోకాళ్ల మీద కూలబడి, "చెమట... చెయ్యి జారింది పిట్టా, చెమట..." అని అదే మాట అంటున్నాడు.

ఆపరేషన్ చేసి ప్లేటు వేశారు, కొన్నాళ్లకు కట్టు విప్పారు. ఫిజియో కాలు అటూ ఇటూ తిప్పిచూసి, "ఎముక శుభ్రంగా అతుక్కుంది, ఇక మీ ఇష్టం," అన్నాడు. పిట్ట ఒంటరిగా అద్దం ముందు నిలబడి అడుగు వేసింది. మోకాలు చాపింది. తుంటి సర్దుకుంది. పాదం మీద తిరిగింది, నిలిచింది. అంతా ఎప్పటిలాగే ఉంది. ఆనందంతో కళ్లు చెమర్చాయి.

అతను వచ్చి చెయ్యి పట్టుకున్నాక మొదలైంది అసలు గొడవ.

అతని ఎడమ పక్కకు వెళ్లాల్సిన మలుపు దగ్గర పడుతుంటేనే ఆమెకు ఊపిరి ఆగేది. భుజాలు చెవుల దాకా లేచేవి. బూటులో కాలివేళ్లు ముడుచుకుని నేలను గీరుకునేవి. పాదం మునివేళ్ల మీద ఉండాల్సిన బరువు మడమ మీదికి పారిపోయేది. మడమ మీద ఎవరు తిరగగలరు? సగంలో తూలి ఆగిపోయేది. మళ్లీ చేసేవాళ్లు. మళ్లీ అదే.

"ఏమైంది?" అనేవాడతను.

"ఏం లేదండీ. కాలు ఇంకా పట్టేసినట్టుంది."

కాలు కాదని ఆమెకు తెలుసు. ఆమె భయపడుతున్నది అతని ఎడమచేతికి. కట్టుకున్న మొగుడి చెయ్యి చూస్తే ఒళ్లు జలదరిస్తోందని ఎవరితో చెప్పుకుంటుంది? ఒక్కసారి చెయ్యి జారినందుకు మనిషిని ఇంత అనుమానించాలా అని తనను తానే తిట్టుకునేది. పుట్టుకతో పిరికిదాన్ని, ఇన్నాళ్లకు నా పిరికితనం ఇక్కడికీ వచ్చి చేరింది అనుకునేది. రుంబా అడుగుల్లో అతని కళ్లలోకి చూడాల్సివస్తే చూపు అతని మెడ దగ్గరే ఆపేసేది.

మాస్టారు నెలలపాటు ఓపిక పట్టి, చివరికి, "మీ ఇద్దర్లో ఎవరు ఏం దాస్తున్నారో నాకు తెలియదు గానీ, చూసి చెప్పేవాళ్లున్నారు, వెళ్దాం పదండి," అని ఇద్దరినీ క్రీడాకారుల ఆస్పత్రికి తీసుకెళ్లాడు. అక్కడ మనిషి కదలికల్ని కొలిచే గది ఉంది. చుట్టూ గోడలకు కెమెరాలు. నేలలో పొదిగిన పలక పాదం ఎక్కడ ఎంత నొక్కుతోందో చెబుతుంది. ల్యాబ్ డాక్టరమ్మ పిట్ట కీళ్ల మీదా మెకానిక్ కీళ్ల మీదా మెరిసే చిన్న చిన్న బంతులు అతికించింది, పిట్ట పిక్కల మీద తీగలు అంటించింది. తెరమీద మనుషులు పోయి పుల్లబొమ్మలు వచ్చాయి.

ముందు ఒంటరిగా చేయించింది. తర్వాత మాస్టారితో. చివర్న మెకానిక్‌తో. మాస్టారి చేతిలోకి పిట్ట గిర్రున తిరిగి హాయిగా వాలింది. మెకానిక్‌తో మళ్లీ తూలింది.

డాక్టరమ్మ తెర ముందు కూర్చుని మెల్లగా చెప్పింది. "మీ చీలమండకు ఏ లోపమూ లేదమ్మా. మాస్టారితో తిరిగినప్పుడు మీ బరువు ముందుపాదం మీద ఉంది. మీవారితో తిరిగినప్పుడు అదే చోట వెనక్కి వెళ్లిపోతోంది. పైగా కాలి ముందు కండరం, వెనక కండరం రెండూ కలిసి బిగుసుకుంటున్నాయి. బండి మీద బ్రేకూ యాక్సిలరేటరూ ఒకేసారి తొక్కితే ఎలా ఉంటుంది? అలాగన్నమాట. పడిపోతానని అనిపించినప్పుడు ఒళ్లు చేసే పని ఇది. మీరు చేయమనక్కర్లేదు, అదే చేస్తుంది."

మెకానిక్ మొహం పాలిపోయింది.

"అంటే... నేనంటే భయమా పిట్టా?"

ఆమె తల దించుకుంది. అందరి ముందూ బట్టలు విప్పినట్టయింది ఆమెకు. 

"ఆగండి, ఇంకోటుంది," అంది డాక్టరమ్మ, బొమ్మల్ని వెనక్కి తిప్పి మళ్లీ నడిపిస్తూ. "సార్, మీ తల చూడండి. ఆమె ఎడమ పక్కకు వచ్చిన ప్రతిసారీ ముందు మీ తల మొత్తం అటు తిరుగుతోంది. తిరిగాకే చెయ్యి కదులుతోంది. అదీ తిన్నగా వెళ్లట్లేదు, వెతుక్కుంటోంది. కుడి పక్కన ఇలా లేదు."

"అది స్టయిలండీ," అన్నాడు మెకానిక్ తడుముకోకుండా.

"నేను అలాంటి స్టయిల్ నేర్పలేదే," అన్నాడు మాస్టారు.

"ఒకసారి కళ్లు చూపించుకోండి," అంది డాక్టరమ్మ, బంతులు ఊడదీస్తూ. చాలా మామూలుగా అంది. అతనూ అంతే మామూలుగా సరేనన్నాడు.

తెరమీద ఆ పుల్లబొమ్మ తల తిప్పడం పిట్ట కళ్లలోంచి పోలేదు. స్కూటర్ వెనక కూర్చుని ఇంటికి వస్తూ అదే ఆలోచిస్తోంది. సంతవీధి మలుపులో ఎడమవైపు నుంచి సంచి పట్టుకున్న ఒక ముసలాయన రోడ్డు మీదికి దిగాడు. ఎంతో దూరం నుంచే కనిపిస్తున్నాడు. బండి నెమ్మదిస్తుందనుకుంది. నెమ్మదించలేదు. ఇంకా కనబడలేదా? ఇంకా? పిట్ట కెవ్వున అరిచింది. బ్రేకు పడింది, బండి జారి కాలవగట్టుకు ఆనుకుని ఆగింది. ముసలాయన సంచి అక్కడే పారేసి, వణుకుతూ తిట్టిపోశాడు.

"ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాడు?" అన్నాడు మెకానిక్ రొప్పుతూ.

ఎక్కణ్ణుంచీ ఊడిపడలేదు. పిట్ట ఆ మాట అనలేదు. బండి దిగి, "కాస్త నడుద్దామండీ, కాలు మొద్దుబారింది," అంది. ఇన్నాళ్లూ ఆమె భయమంతా తాను పడిపోతానని. ఇప్పుడు మొదటిసారి అతని కోసం భయం వేసింది. ఇది వేరే రకం భయం.

ఇక ఇంట్లో ఆమె చూపంతా అతని మీదే. తలుపు దాటుతుంటే ఎడమ భుజం గుమ్మానికి రాసుకుంటోంది. ఎడమచేతి పక్కన పెట్టిన టీ కప్పు కోసం బల్లంతా తడుముతున్నాడు. ఇవన్నీ ఎప్పటినుంచి జరుగుతున్నాయి? తాను ఎందుకు చూడలేదు? పొద్దున్నే పనిముట్ల సంచి తీసుకుని అతను బయల్దేరుతుంటే ఆమెకు లిఫ్టు గొయ్యి కళ్ల ముందు కనబడేది. ఎనిమిదో అంతస్తు దగ్గర తెరిచిన తలుపు, లోపల చీకటి, అంచు మీద అతని ఎడమకాలు. సాయంత్రం మెట్ల మీద అతని చెప్పుల చప్పుడు వినేదాకా ఆమెకు ప్రాణం నిలిచేది కాదు.

ఒక మధ్యాహ్నం అత్తగారు బట్టలు మడతపెడుతూ, "అమ్మాయ్, ఆ తలుపు పక్కన స్టూలు తీసెయ్. వాడికి తగులుతుంది," అంది.

పిట్ట చేతిలో చీర అలాగే ఆగిపోయింది. "ఎందుకు తగులుతుంది అత్తయ్యా? అక్కడే ఉంటుందిగా రోజూ?"

అత్తగారు మొహం తిప్పుకుంది. రోజంతా వాగుతూనే ఉండే మనిషి గొంతు తగ్గించింది.

"మీ మామగారు కూడా ఇలాగే గుమ్మాలకు భుజాలు కొట్టుకునేవారు," అంది. "పరధ్యానం అనుకుని నవ్వుకునేవాళ్లం. కళ్లజోడు మార్చాం, అంతే. ఒకరోజు పొద్దున నేను పక్కనే కూర్చునుంటే, 'ఏమే, ఎక్కడికెళ్లావు?' అని పిలిచారు. పక్కనే ఉన్నానమ్మా. ఆయన మోకాలికి నా మోకాలు తగిలేంత పక్కన."

"మరి మీ అబ్బాయికి చెప్పలేదా, తనకూ ఇది వచ్చేలా ఉందని?"

"ఎలా చెప్పను? వాడు ఆ స్టూలు తన్నుకున్నప్పుడల్లా నా గుండె ఆగిపోతుంది. నోటితో అంటే నిజమైపోతుందేమోనని నోరు మూసుకున్నాను." ముసలావిడ మడతపెట్టిన బట్టనే విప్పి మళ్లీ మడతపెట్టింది. "పిరికిదానివని నిన్ను ఆడిపోసుకుంటాం గానీ, ఈ ఇంట్లో నాకంటే పిరికిది ఎవరున్నారు?"

మర్నాడు క్లాసుకు పిల్లలు రాకముందే పిట్ట మొగుణ్ణి హాలుకు పిలిచింది. సాధన చేద్దామంది. పాట పెట్టలేదు. రుంబా అడుగులు నెమ్మదిగా, కిర్రుమనే ఫ్యాను కింద. కొంతసేపు అతని ఎదురుగానే చేసింది. తర్వాత చెయ్యి వదిలేసి, చప్పుడు చేయకుండా అతని ఎడమ పక్కకు వెళ్లి నిలబడిపోయింది. ఊపిరి బిగబట్టుకుని చూసింది. 'చూడండి, ఒక్కసారి చూడండి, నాది ఉత్త భయమేనని తేలిపోవాలి' అని లోపల వేడుకుంటోంది.

అతను చెయ్యి చాచాడు. ఆ చెయ్యి ఆమె ముందు నుంచి, జానెడు దూరంలో, ఖాళీ గాలిలోకి వెళ్లింది. గాలిని పట్టుకుంది. తల తిరిగింది. ఆమెను చూసి ఉలిక్కిపడ్డాడు.

"ఏమిటీ ఆటలు?" అని కసిరాడు.

"నేను ఇక్కడే ఉన్నానండీ."

"సరిగ్గా చూడలేదు."

"చూడలేదా, కనబడలేదా?"

అతను అద్దానికి వీపు ఆనించి నేలమీద జారి కూర్చున్నాడు. పొడుగు చేతులు మోకాళ్ల మీంచి వేలాడాయి. "ఆ రోజు చెమట కాదు పిట్టా," అన్నాడు. "నీ చెయ్యి నాకు కనబడనే లేదు. అటుపక్క పొగలాగా ఉంది. అంతకుముందు నుంచే ఉంది. లైట్ల వల్ల అనుకున్నాను, నిద్ర చాలక అనుకున్నాను."

పిట్టకు కోపం కాళ్లలోంచి పైకి పొంగింది. ఇన్ని నెలలు! పిరికిదాన్ననీ, మొగుణ్ణి నమ్మనిదాన్ననీ ఇన్ని నెలలు తనను తాను కోసుకుంది. తన ఒళ్లు మొదటినుంచీ నిజమే చెబుతోంది, వినకుండా దాని నోరు నొక్కింది.

"నా కాలు విరిగాక కూడా చెప్పలేదు! ఆ డాక్టరమ్మ అడిగినప్పుడు కూడా స్టయిలన్నారు! ఈ కళ్లు పెట్టుకుని లిఫ్టు గోతుల్లోకి దిగుతున్నారా?"

"చెబితే ఉద్యోగం పోతుంది."

"చెప్పకపోతే మీరే పోతారు!"

ఆ అరుపు ఖాళీ హాల్లో గోడలకు తగిలి తిరిగొచ్చింది. ఇద్దరూ బిక్కచచ్చిపోయారు. కాసేపటికి అతను చిన్న గొంతుతో, "నాన్న మంచం మీద కూర్చుని గోడకేసి చూస్తుండేవాడు. ఏం చూస్తున్నాడో నాకు అర్థమయ్యేది కాదు. నాకు చాలా భయంగా ఉంది పిట్టా," అన్నాడు. తొణకని మనిషి. ఆ మాట అతని నోటివెంట ఆమె ఎప్పుడూ వినలేదు. కోపం ఎక్కడికి పోయిందో పోయింది, ఆమె వెళ్లి అతని ఎడమ పక్కన కూర్చుని, ముంజేయి గట్టిగా పట్టుకుంది.

కంటి ఆస్పత్రిలో పక్కచూపు పరీక్ష అని ఒకటి ఉంటుంది. గిన్నెలాంటి యంత్రంలో గడ్డం ఆనించి, నడిమి చుక్కనే చూస్తూ ఉండాలి. చుట్టూ ఎక్కడో ఒకచోట చిన్న వెలుగు మెరుస్తుంది. మెరిసినప్పుడల్లా చేతిలోని మీట నొక్కాలి. అతన్ని చీకటిగదిలోకి పంపి, పిట్ట తెర ఇవతల బెంచీ మీద కూర్చుంది. లోపల మీట చప్పుడు వినిపిస్తోంది. టిక్. టిక్. టిక్. తర్వాత నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో వెలుగులు మెరుస్తూనే ఉంటాయి కదా అని తట్టింది ఆమెకు. ఎన్ని మెరిసి ఉంటాయి? నొక్కండి, నొక్కండి అని ఆమె బొటనవేలు ఒళ్లో తనంతట తానే కదులుతోంది. టిక్. హమ్మయ్య. మళ్లీ నిశ్శబ్దం. ఈసారి చాలాసేపు. ఆమె బెంచీ అంచు పట్టుకుని కళ్లు మూసుకుంది. వెనక్కి వాలుతున్నట్టు, పట్టుకునే చెయ్యి లేనట్టు, దీపాలు జారుతున్నట్టు అనిపించింది.

కంటి డాక్టరు దాచకుండా చెప్పాడు. కంట్లో ఒత్తిడి పెరిగి లోపలి నరం దెబ్బతింది. నీటికాసులు, అదే గ్లాకోమా అంటారు. కుటుంబంలో ఉంటే వస్తుంది, నొప్పి ఉండదు, అందుకే ఎవరూ కనిపెట్టరు. ఎడమకంట్లో పక్కచూపు చాలావరకు పోయింది. కుడికంట్లో మొదలైంది. పోయింది తిరిగి రాదు. ఉన్నదాన్ని నిలబెట్టుకోవడానికి జీవితాంతం చుక్కలు వేసుకోవాలి.

"ఎలా కనిపెట్టారు?" అని అడిగాడు డాక్టరు.

"మా ఆవిడ భయపడింది సార్," అన్నాడు మెకానిక్.

ఎడమకంటికి ఆపరేషన్ జరిగింది. స్కూటర్ అమ్మేశారు. కంపెనీలో నిజం చెప్పారు. గోతుల్లోకి దిగే పని తీసేసి వర్క్‌షాపులో కంట్రోలు పెట్టెలు బాగుచేసే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. బల్ల ముందు అతను కొన్నాళ్లు మూతి ముడుచుకునే ఉన్నాడు. అత్తగారు చుక్కల సీసా చేతబట్టుకుని పొద్దునా సాయంత్రం కొడుకు వెంట పడేది. "ఒరేయ్, కన్ను తెరవరా. చిన్నప్పుడు ఆముదానికి కూడా ఇంత గొడవ చెయ్యలేదు నువ్వు!"

డాన్స్ మానేద్దామని పిట్టే అంది. అతను ఒప్పుకోలేదు. మాస్టారు ఇద్దరినీ నిలబెట్టి, ఆ చివరి భంగిమను తిరగేశాడు.

"నువ్వు వెతకొద్దు," అన్నాడు మెకానిక్‌తో. "చెయ్యి చాచి గుంజలా నిలబడు. కాలు నేలలో పాతెయ్. అమ్మాయ్, ఇకమీదట పట్టుకునేది నువ్వు."

చెప్పినంత తేలిగ్గా అయిందా? అవలేదు. నిలబడ్డ చేతిని అందుకోవాలంటే ఆమె తిరుగుతూ తిరుగుతూ సరిగ్గా దాని దగ్గరే ఆగాలి. మడమ మీద ఆగితే అందదు. బరువు ముందుపాదం మీద పెట్టి, తల, ఛాతీ, తుంటి ఒకదానిమీదొకటి నిలిపి, భయపడుతున్నచోటికి తానే వెళ్లాలి. ఆమె ఒళ్లు ససేమిరా అంది. నెలల తరబడి తూలింది. ఊపిరి వదలడం నేర్చుకుంది ముందు. ఊపిరి వదిలితే భుజాలు దిగుతాయి, భుజాలు దిగితే వేళ్లు విచ్చుకుంటాయి, వేళ్లు విచ్చుకుంటే పాదం నేలను నెట్టగలుగుతుంది. ఒకరోజు వెళ్లి పట్టుకుంది. మర్నాడు మళ్లీ తప్పింది. అతను మాత్రం చెయ్యి దించకుండా నిలబడేవాడు. కనబడనివైపు ఏం వస్తోందో తెలియకుండా అలా నిలబడటానికి అతనికి ఎంత భయమేస్తోందో ఆ చేతిలోని సన్నటి వణుకు పట్టుకున్నప్పుడు ఆమెకు తెలిసింది.

ఆ మరుసటి ఏడాది ఒక చిన్న పోటీకి వెళ్లారు. నేలమీదికి పిలిచేముందు నడవాలో పిట్ట బయటి గుమ్మం వైపే చూస్తోంది. "వెనక్కి వెళ్లిపోదామా?" అంది. "నాకూ అదే అనిపిస్తోంది," అన్నాడతను. ఈలోపు పేరు పిలిచారు.

పాట చివరికొచ్చింది. ఆమె చెయ్యి వదిలి తిరిగింది. భయం తగ్గలేదు, ఎక్కడుండాలో అక్కడే ఉంది. ఊపిరి వదిలింది. పాదం నేలను నెట్టింది. కుడిచెయ్యి వెళ్లి అతని మణికట్టుకు చుట్టుకుంది, అతని వేళ్లు గబుక్కున ఆమె మణికట్టును బిగించాయి. ఆమె వెనక్కి వాలింది. పైన దీపాలు కదలకుండా ఉన్నచోటే ఉన్నాయి.

బహుమతి రాలేదు. రెండో అడుగులో మోకాలు పూర్తిగా చాపలేదని మాస్టారు బస్టాండు దాకా సణిగాడు. ముందు వరసలో కూర్చుని అరిచి అరిచి అత్తగారికి గొంతు పోయింది. బస్సులో మెకానిక్ కిటికీ పక్కన, పిట్ట అతని ఎడమవైపు సీట్లో కూర్చున్నారు. మళ్లీ పక్కచూపు పరీక్ష వచ్చే నెలలో ఉంది. ఆ మాట ఇద్దరికీ గుర్తొచ్చింది గానీ, ఆ సాయంత్రం ఎవరూ పైకి అనలేదు.